మూడో దుంగలో తేనెటీగలు

ఫిబ్రవరి 6. ఉదయం సున్నాకు పైన ఏడు.

తోట తలుపు తీసేసరికి ఈగల చప్పుడు వినబడింది. నిరుడు ఈ చప్పుడు మార్చి రెండున విన్నాను. అంతకు ముందేడు మార్చి ఐదున. చేతిలో గునపం అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

మత్స్యరాజు మావ అప్పటికే దుంగల దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. మూడు బోలు దుంగలు, ఒక్కో దుంగలో ఒక్కో తేనెపట్టు. ఈ కొండ చుట్టూ పద్దెనిమిది గూడేలున్నాయి. మిగిలిన తొర్ర ఈగల పట్లు ఈ మూడే.

"మావా, వింటున్నావా?"

"ఇంటన్నానే పంతులమ్మా. ఇంటన్నానుగానీ నమ్మలేకపోతన్నాను. ఈటికి రోజులు తప్పిపోనాయి."

పోయిన దీపావళికి తెర విమానాలు రాలేదు. ముప్పై రెండేళ్ళుగా ఏటా వచ్చి, లోకం వేడెక్కకుండా పైన ఎక్కడో తెల్లపొడి తెరలా చల్లి, ఎండను పలచబరిచి పోయేవి. తెర పరిచిన ఏడు నాకు ఇరవై. అంతకుముందు మా గుమ్మలబందలో మంచు అంటే పొగమంచే, మోకాలి లోతున నేలమీద పడేది కాదు. ఈసారి విమానాలు ఎందుకు రాలేదో కింద ఆఫీసువాళ్ళు చెప్పలేదు. ఎండ కాస్త చిక్కబడింది. గూడెంలో అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను, ఈ ఉదయం దాకా.

ఈగలు బయటికొచ్చాయి. తోటలో ఒక్క పువ్వు లేదు.

ఫిబ్రవరి 9. ఉదయం పైన తొమ్మిది.

బెల్లం నీళ్ళు కలిపి తీసుకెళితే మావ గిన్నె పక్కకి నెట్టేశాడు.

"బెల్లం వొద్దే. ఆటి కడుపు పాడైపోద్ది. ఆటి తేనె ఆటికే పెట్టాల."

తేనె ఎక్కడుంది? రెండేళ్ళుగా మేం దుంగలనుంచి చుక్క తీయలేదు. బంగారమ్మ ఇంట్లో మందుకని దాచిన బుడ్డి ఒకటుందని గుర్తొచ్చింది. బంగారమ్మ నా పినతల్లి కూతురు, మా గూడేనికి సర్పంచి. అడగగానే బుడ్డి తెచ్చి చేతిలో పెట్టింది. "అమ్మ దగ్గుకి దాసినాను. అమ్మే పోయింది. తీసుకోక్కా" అంది.

గోరువెచ్చటి నీళ్ళలో తేనె పలచన చేసి, చిప్పల్లో పోసి, ఈగలు మునిగిపోకుండా గడ్డిపరకలు వేసి పెట్టాం. గంటలో చిప్పలు ఖాళీ.

ఇంకో పని కూడా చేశాను. దుంగలకి చలికాలం కోసం కట్టిన గడ్డి, పేడపూత తీసేయాలనుకున్నాను. అవి ఉంటే లోపల ఉక్కపోసి, వేసవి వచ్చిందనుకుని రాణి ఈగ గుడ్లు పెడుతూపోతుంది. తినే నోళ్ళు పెరుగుతాయి. చల్లగా ఉంటే మళ్ళీ ముడుచుకుంటాయని నా ఆలోచన. ఒకటో దుంగకీ రెండో దుంగకీ తీసేశాను. మూడోదాని దగ్గరికి వెళితే మావ అడ్డంగా నిలబడ్డాడు.

"దీన్ని ముట్టుకోకు. నాకెందుకో బాగోనేదు."

వాదించలేదు. ముసలాయన మొండితనం అనుకున్నాను.

ఫిబ్రవరి 14. ఉదయం పైన పది.

ముళ్ళపండు పొదలకి పాత బడి కిటికీ అద్దాలు ఏటవాలుగా ఆనించి, కింద ఎండు పేడ పోగుచేసి ఎనిమిది రోజులైంది. బడి మూసేసినప్పుడు తీసుకొచ్చిన అద్దాలవి. పదిహేనేళ్ళ క్రితం దాకా ఆ బడిలోనే నేను పాఠాలు చెప్పేదాన్ని. ఈ రోజు పదకొండు పువ్వులు విచ్చాయి. తెల్లగా, చిటికెనవేలి గోరంత. అద్దం పక్కకి తీయగానే ఒక ఈగ వచ్చి వాలింది. దాని కాళ్ళకి పచ్చటి పొడి అంటుకుంది.

పరాయి మొక్క ఒక్కటి కూడా లేని తోట ఇది. మంచు పడక ముందు ఈ కొండ మీద పుట్టినవే, మంచు పడ్డాక కూడా చావనివి ఇరవై ఆరు రకాలు. నా చిన్నప్పుడు దేవకాంచనం ఇంటికప్పు దాటి ఎదిగేది. ఇప్పుడది నడుము దాటని పొద. అయినా పూస్తుంది. ముళ్ళపండు, దేవకాంచనం, తుమ్మి ఒకదాని తర్వాత ఒకటి పూసి, ఆపిల్ పూత వచ్చేదాకా ఈగల్ని బతికిస్తాయి. ఈగలు వీటి గింజలు పడేలా చేస్తాయి. పద్నాలుగేళ్ళుగా నా పని ఈ రెంటి మధ్యా మనుషుల్ని అడ్డు రానీయకపోవడమే.

పదకొండు పువ్వులు చూసి మావ నవ్వాడు. ఆయన నోట్లో మిగిలిన నాలుగు పళ్ళూ ఈ ఏడాదిలో ఇదే మొదటిసారి చూడటం.

ఫిబ్రవరి 17. మధ్యాహ్నం పైన నాలుగు. సాయంత్రం సున్నా.

విమానాలు వచ్చాయి. మూడు నెలలు ఆలస్యంగా, నిన్నా ఇవాళా రెండు రోజులపాటు. ఆకాశం సున్నం వేసిన గోడలా అయిపోయింది. చీకటి పడకముందే చేతివేళ్ళు పట్టు తప్పాయి. గడ్డి మోపులు మోసుకుంటూ పరుగెత్తి రెండు దుంగలకీ కట్టాను. పేడపూతకి వ్యవధి లేదు. పేడ చేతిలోనే గట్టిపడిపోతోంది.

ఫిబ్రవరి 19. ఉదయం సున్నాకు కింద పదకొండు.

ఒకటో దుంగ చచ్చిపోయింది. రెండోది కూడా.

మూత తీసి చూశాను. ఈగలన్నీ అరల్లోకి తలలు దూర్చి, తోకలు బయటికి పెట్టి ఉన్నాయి. ఆఖరి తడి నాకుతూ చచ్చిపోయాయి. చీపురుతో ఊడ్చాను. చేటెడు వచ్చాయి. అంత తేలిగ్గా ఉంటాయని తెలియదు నాకు.

మూడో దుంగకి చెవి ఆనించాడు మావ. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"ఉన్నాయే" అన్నాడు.

గడ్డి తీసింది నువ్వేనని ఆయన అనలేదు. ఆ మాట నేనే ఇక్కడ రాసిపెడుతున్నాను. ఫిబ్రవరి తొమ్మిదిన ఒకటో దుంగకీ రెండో దుంగకీ చలికట్టు తీసింది కిల్లో సుందరి.

మార్చి 12. ఉదయం కింద రెండు.

మూడో దుంగ నిలబడింది. బుడ్డిలో తేనె నాలుగు చెంచాలుంది.

బంగారమ్మ తోటకి వచ్చి ఖాళీ దుంగల మధ్య కూర్చుంది. ఆవిడ భయం నాకు తెలుసు. రెండేళ్ళుగా శిఖరానికి అవతల ఉన్న ఆపిల్ తోట కాపు నిలవలేదు. కాపు ఉన్న గూడేనికే శీతాకాలం బియ్యం, కిరోసిన్ పైకి పంపుతారు. మూడో ఏడు కూడా కాపు లేకపోతే గూడేన్ని కిందికి దింపేస్తారు. అరవై మూడు గడపలు.

నిరుటి చలికాలం బియ్యం సగమే వచ్చింది. తొమ్మిది మందిని పూడ్చాం. నేల గడ్డకట్టి గోతులు తవ్వలేక మంట పెట్టి కరిగించి తవ్వాం. అందులో బంగారమ్మ తల్లి ఒకరు, మా పిన్ని.

"ఈయేడు పూత బాగుంటాదంటావా?"

"పూత బాగుంటుంది. దానిమీద వాలేదెవరు?"

"మిషను ఈగలు పంపుతారంట. ఆపీసులో సెప్పారు" అంది. ఆ మాటని పట్టుకుని వేలాడుతోంది.

మార్చి 24. ఉదయం పైన మూడు.

అన్నీ ఒకేసారి మొగ్గ తొడిగాయి. ఎండ ముందొచ్చి, చలి వెనకొచ్చి, మొక్కలకి వరస తప్పింది. ముళ్ళపండు, దేవకాంచనం, తుమ్మి, అవతల ఆపిల్, అన్నీ ఈ పది పన్నెండు రోజుల్లోనే పూసి రాలిపోతాయి.

మిషను ఈగల అమ్మాయి వచ్చింది. పేరు నాగహారిక, తెనాలి వైపు పిల్ల. పాతికేళ్ళుండొచ్చు. మూడు పెట్టెలు వీపున మోసుకుని, చివరి ఆరు మైళ్ళూ నడిచి ఎక్కింది. రోడ్డు ఇంకా తెరుచుకోలేదు.

"మొత్తం నాలుగొందలండీ. ఆరు గూడేలకి పంచమన్నారు. నేను ముందు మీకే తెచ్చాను, మీదే పెద్ద తోటని."

పెట్టె తెరిచి చూపించింది. కందిగింజంత ఉన్నాయి ఒక్కొక్కటి, పొట్టకింద సన్నటి కుంచె. మావ ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని ఊదాడు. "తేనె పెడతాదేటి ఇది?" అన్నాడు. ఆ అమ్మాయి నవ్వింది. "పెట్టదు తాతా. కుట్టదు కూడా."

నాకు ఆ పిల్లంటే కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. రాత్రి మా ఇంట్లోనే పడుకుంది. మడమలు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి.

మార్చి 28. ఉదయం సున్నా. దట్టమైన పొగమంచు.

మొదటి రోజు మిషన్లు బాగానే ఎగిరాయి. గూడెమంతా చూడటానికి వెళ్ళింది. రెండోరోజు మంచు దిగింది. తడి రెక్కలమీద గడ్డకట్టి ఒక్కొక్కటే కింద పడ్డాయి. మూడోరోజు నాగహారిక గడ్డిలో మోకాళ్ళమీద పాకుతూ వాటిని ఏరింది. నాలుగొందల్లో ఎగిరేవి ముప్పై ఏడు.

"మా దగ్గర కింద పరీక్షించినప్పుడు ఆగలేదండీ" అంది. "పొడి చలిలో పరీక్షించారు. ఇలాంటి మంచు ఉంటుందని ఎవరూ అనుకోలేదు." తర్వాత వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

మార్చి 29. ఉదయం పైన రెండు.

బంగారమ్మ వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

"అక్కా, దుంగ ఇయ్యి."

ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుందని తెలుసు. అయినా తెలియనట్టు నిలబడ్డాను.

"ఆపిల్ తోట ఇక్కడికి రెండు మైళ్ళు. ఇంత చలిలో ఈగలు అంత దూరం పోలేవు. దుంగ అక్కడుండాల. పది రోజులు. పూత రాలిపోగానే తెచ్చి ఇక్కడే పెట్టేస్తాం."

"ఈ పది రోజుల్లోనే ఇక్కడ కూడా పూస్తున్నాయే. తుమ్మి ఏటా చచ్చి ఏటా మొలిచే మొక్క. రెండేళ్ళుగా గింజ సరిగ్గా పడలేదు. డబ్బాలో అరచేతిలో సగం ఉంటే అదీ చల్లేశాను. ఈసారి గింజ పడకపోతే వచ్చే ఏడు తుమ్మి లేదు. తుమ్మి లేకపోతే వచ్చే ఏడు ఈగలేం తింటాయి?"

"వొచ్చే ఏడు." బంగారమ్మ ఆ మాటని చేదుగా నమిలింది. "పిల్లలకి ఈయేడు అన్నం కావాల అక్కా. వొచ్చే ఏటికి మనిసంటూ ఉంటే గదా."

రేపటిదాకా గడువు అడిగాను.

మార్చి 30. ఉదయం పైన రెండు. ఎండ.

మత్స్యరాజు మావతో తేనెబండకి వెళ్ళాను. పెద్ద ఈగలు, బండకి పట్టు పెట్టేవి, ఎక్కడైనా మిగిలి ఉంటే అక్కడే ఉండాలి. వాటిలో ఒక్క పట్టు ఉన్నా మా తోటకి ఆశ ఉంటుంది. మూడో దుంగని నిశ్చింతగా ఇవ్వొచ్చు.

మావకి డెబ్బై ఒకటి. మోకు నడుముకి కట్టుకుని, ఇంకో కొస చెట్టు మోడుకి రెండు చుట్లు వేసి నా చేతికిచ్చాడు. "వదిలీయకే" అన్నాడు, పొలానికి పోతూ తలుపేసుకోమన్నట్టుగా. దిగాడు. మోకు నా అరచేతుల్లో కొంచెం కొంచెంగా జారింది. కింద ఆయన తల నల్లటి చుక్కలా కనబడి, బండ పొట్టకిందికి పోయి కనబడకుండా పోయింది.

"మావా! ఉన్నాయా?"

ఇంకోసారి పిలిచాను. మోకు రెండుసార్లు లాగాడు, పైకి తీయమని.

పైకొచ్చాక చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. గుప్పిట విప్పి చూపించాడు. ఎండి నల్లబడిన మైనపు పెచ్చులు.

"ఏడు పట్లున్నాయే. పెద్దపెద్దయి. అన్నీ ఖాళీ. మైనం తినీసే పురుగుంటాది సూడు, ఆ పురుగు కూడా నేదే."

ఈగలు పోయాక వచ్చే పురుగు అది. అది కూడా లేదంటే అక్కడ ఏమీ లేకుండా పోయి చాలా ఏళ్ళయిందన్నమాట. ఏ ఏడు పోయాయో మాకు తెలియదు. మేం చూడను కూడా లేదు.

దారిలో మావని అడిగాను. మూడో దుంగ బతికింది ఆయన వల్ల. కనుక నిర్ణయం ఆయనదే.

"ఇచ్చీయే" అన్నాడు, వెనక్కి తిరగకుండా.

మార్చి 31. ఉదయం కింద ఒకటి.

తెల్లవారగానే, ఈగలు ఇంకా కదలకముందు, దుంగ నోటికి గుడ్డ కట్టి, కావడికి వేలాడదీసి మోసుకెళ్ళాం. మావా బంగారమ్మా మోశారు. నేను వెనకాల చెయ్యి ఆనించి నడిచాను, కుదుపు తగలకుండా. చెక్కలోంచి సన్నటి వణుకు అరచేతికి తెలుస్తూ ఉంది.

ఆపిల్ తోట మధ్యలో రాతి అరుగుమీద పెట్టి గుడ్డ విప్పాం. ఎండెక్కాక మొదటి ఈగ బయటికొచ్చి, దుంగచుట్టూ మూడు చుట్లు తిరిగి, దగ్గరి కొమ్మ మీద వాలింది. చూస్తున్నవాళ్ళలో ఎవరో చప్పట్లు కొట్టారు. బంగారమ్మ వాళ్ళని కసిరింది, చప్పుడు చేయొద్దని.

ఏప్రిల్ 4. ఉదయం పైన మూడు.

నాగహారిక కిందికి వెళ్ళలేదు. నాతో తోటలో పనిచేస్తోంది. కోడి ఈకలతో ఒక పువ్వు పొడి ఇంకో పువ్వుకి రాస్తున్నాం. ఉదయం ఎనిమిదినుంచి వెలుగున్నంతసేపూ. దేవకాంచనానికి ఈక బాగానే పనిచేస్తుంది, పువ్వు పెద్దది. తుమ్మి పువ్వులోకి ఈక కొస కూడా దూరదు. ఆ అమ్మాయి తన వెంట్రుక ఒకటి తెంపి, అగ్గిపుల్లకి కట్టి ప్రయత్నించింది. సాయంత్రానికి అరవై పువ్వులైనాయి. వాటిల్లో ఎన్నింటికి పొడి అందిందో ఎవరికీ తెలియదు.

"ఒక ఈగ రోజుకి ఎన్ని పువ్వుల మీద వాలుతుందండీ?"

"వెయ్యి. ఎక్కువ కూడా."

ఆ అమ్మాయి ఇంకో వెంట్రుక తెంపుకుంది.

ఏప్రిల్ 6. ఉదయం కింద ఐదు.

నిన్న సాయంత్రమే ఆకాశం తేటపడింది, గాలి ఆగింది. అంటే తెల్లవారుజామున పూత మాడిపోతుంది. బంగారమ్మ గూడేన్నంతా లేపి, ఆపిల్ తోట చుట్టూ తడిగడ్డి, పేడ, పాత టైర్లు కుప్పలుపోసి తగలబెట్టించింది. పొగ దుప్పటిలా చెట్ల మీద పరుచుకుంది. పూత దక్కింది. వేరే దారి లేదు. నా తోటలో మొక్కలు కప్పుతూ ఉండిపోయాను గానీ, నేనక్కడ ఉన్నా అదే చేయించేదాన్ని.

ఎండెక్కాక కబురొస్తే పరుగెత్తాను. అప్పటికి మావ రాతి అరుగు పక్కన నిలబడి పైకి చూస్తున్నాడు.

"పొగకి లేచిపోనాయే."

తొర్ర ఈగల తీరే అంత. పొగ ఎక్కువైనా, చోటు నచ్చకపోయినా, రాణితో సహా మొత్తం గుంపు లేచిపోతుంది. ఇల్లు వదిలేస్తాయి, పిల్లల్నీ వదిలేస్తాయి. దుంగ మూత తీశాను. అరల్లో తెల్లటి పురుగు పిల్లలు మెత్తగా మెదులుతూ ఉన్నాయి. ఎదిగిన ఈగ ఒక్కటి లేదు.

ఎటు పోయాయని అడిగాను. మావ చెయ్యెత్తి ఉత్తరం వైపు చూపించాడు. ఆ వైపు ఉన్నదంతా మంచే.

ఏప్రిల్ 9. ఉదయం కింద మూడు.

మూడు రోజులు వెతికాం. మావ, నేను, నాగహారిక. తొర్ర ఉన్న ప్రతి మోడులోకీ చెయ్యి పెట్టి చూశాం. ఇవాళ మధ్యాహ్నం నాగహారిక కేక వేసింది. ఉత్తరపు లోయలో, నీడపాటున ఒక బండ చూరుకింద, కొబ్బరికాయంత గుత్తి. ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతున్నాయి. దూరం నుంచి బతికున్నట్టే ఉంది.

మావ వేలితో తాకాడు. గుత్తి మొత్తం ఊడి మంచుమీద పడింది.

నాగహారిక వాటిని ఒడిలోకి ఎత్తుకుని, శాలువాలో చుట్టి, నోటితో ఆవిరి ఊదుతూ కూర్చుంది. పావుగంట, అరగంట. మావే వెళ్ళి ఆ అమ్మాయి భుజం మీద చెయ్యేశాడు. "సాలమ్మా" అన్నాడు.

ఏప్రిల్ 27. ఉదయం పైన పదకొండు.

ఆపిల్ కాపు నిలిచింది. ఆరు రోజులే ఈగలు తోటలో ఉన్నాయి. అయినా కొమ్మకొమ్మకీ పిందెలు. ముప్పై ఏళ్ళలో ఇంత కాపు చూడలేదని అందరూ అంటున్నారు. గూడెంలో పండగలా ఉంది.

నా తోటలో దేవకాంచనానికి తొమ్మిది కాయలు. ముళ్ళపండుకి లేవు. తుమ్మికి లేవు. మిగతా ఇరవై మూడు రకాల్లో, వేరునుంచి మళ్ళీ మొలిచేవి నాలుగు. అంతే.

మే 21. ఉదయం పైన పద్నాలుగు.

రోడ్డు తెరుచుకుంది. నాగహారికకి ఆఫీసునుంచి ఉత్తర్వు వచ్చింది. గూడేల పరిశీలన కూడా ఆమెనే చేసి పంపమన్నారు. కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. తోట చూసేదాన్ని కనుక నింపి సంతకం పెట్టాల్సింది నేనే.

కాపు ఎలా ఉంది? బాగుంది. ఎన్ని చెట్లు? పదకొండొందల నలభై. అలా వెళ్ళి ఏడో ప్రశ్న దగ్గర ఆగాను. పువ్వుల మీద వాలే ప్రాణులు గూడెం పరిధిలో ఉన్నాయా, లేవా.

"లేవు అని రాస్తే?"

"ఈ ఏడే కిందికి దింపుతారండీ. రాజమండ్రి దగ్గర ఇళ్ళు కట్టారు, పక్కా గదులు. ఆగస్టు వరకే జాబితా."

"ఉన్నాయి అని రాస్తే?"

ఆ అమ్మాయి గోరు గిల్లుకుంది. "ఈ శీతాకాలం మీరు ఇక్కడే ఉంటారు. బియ్యం వస్తాయి. వచ్చే ఏడు కాపు ఉండదు కదా, అప్పుడు దింపుతారు. అప్పటికి ఆ ఇళ్ళు నిండిపోతాయండీ. మిగతా కొండల్లో ఇంకా ఏడొందల గూడేలున్నాయి. సముద్రం ఒడ్డున గుడారాలే."

బంగారమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింది.

"ఉన్నాయని రాయి అక్కా."

"లేవు కదే."

"నాకు తెల్దా నేవని? ఒక్క ఏడు. ఒక్క ఏడు ఉండనీ. అమ్మని పూడ్సి ఏడాదే అయినాది. కాయలు సెట్టు మీదున్నాయి. కోసుకుని తిననీ, తర్వాత సూసుకుందాం. మేం దుంగ అడిగింది ఇక్కడ ఉండటానికే కదా. నువ్వు ఇచ్చింది కూడా అందుకే కదా!"

"అవును."

"మరి?"

నిరుడు తవ్విన తొమ్మిది గోతులు నా కళ్ళలో ఉన్నాయి. వచ్చే శీతాకాలం బియ్యం వస్తాయి, సరే. ఆ తర్వాతి శీతాకాలం గుడారాల్లో ఎన్ని గోతులు? అక్కడి నేల ఇసుక, తవ్వడం తేలిక. "బంగారీ, పిల్లల్ని గదుల్లో పడుకోనీ" అని మాత్రం అన్నాను.

లేవు అని రాశాను. సంతకం పెట్టాను.

బంగారమ్మ గుమ్మం దిగి వెళ్ళిపోయింది. ఆవిడ నడకలో మా పిన్ని నడక కనబడింది.

మే 30. ఉదయం పైన పదిహేను.

గూడెంలో నాతో మాట్లాడేవాళ్ళు ఇద్దరే. నాగహారిక నిన్న వెళ్ళిపోయింది కనుక ఇక ఒక్కరే.

మావ కదలనంటాడేమోనని భయపడ్డాను. అందరికన్నా ముందు మూట కట్టుకున్నది ఆయనే. "ఈగలెల్లిపోయిన కొండలో తేనెగాడికి పనేటే?" అన్నాడు. ఆ మూటలో ఒక కంబళి, ఒక కత్తి, మోకు. మోకు దేనికని అడగబోయి మానేశాను.

జూన్ 11. ఉదయం పైన పదహారు. ఎండ.

నాలుగు లారీలు వచ్చాయి. దేవకాంచనం గింజలు సగం తోటలోనే తడిమట్టిలో పెట్టి, సగం చీర కొంగున ముడివేసుకున్నాను. వాటిలో మొలిచేవి రెండో మూడో. మొలిచినా వాటి మీద వాలేది లేదు.

లారీలు ఆపిల్ తోట దాటుతుంటే జనం ఆపమని కేకలు పెట్టారు. దిగి, చేతికందిన కాయలన్నీ కోశారు. నిమ్మకాయంత ఉన్నాయి, ఇంకా పచ్చివి. ఆడవాళ్ళు ఒళ్ళో పోసుకున్నారు, మగవాళ్ళు కొమ్మలు విరిచి లారీల్లోకి విసిరారు. ఎవరూ వద్దనలేదు. ఎవరికోసం ఉంచాలి?

లారీ కదిలాక ఎవరో ఉప్పు కారం పొట్లం విప్పారు. పిల్లలు కొరికి, మొహాలు చిట్లించి, మళ్ళీ కొరుకుతున్నారు. బంగారమ్మ నాకెదురుగా కూర్చుని ఉంది. మూడు వారాలుగా నాతో మాట్లాడలేదు. ఒక కాయని కత్తితో రెండుగా కోసింది. ఒక చెక్కకి ఉప్పు కారం అద్ది, నా వైపు చూడకుండా చెయ్యి చాపింది.

"తినక్కా. పులుపు."

తీసుకున్నాను. కొరికే ముందు అలవాటుగా మధ్యలో చూశాను. ఐదు గింజలు, ఇంకా తెల్లగా. ఆవిడ చేతిలోని చెక్క వైపు వంగి చూశాను. అందులోనూ ఐదు. ఆపిల్‌లో పది గింజలు నిండుగా పడాలంటే ఆ పువ్వుకి పొడి పూర్తిగా అందాలి. మిషన్లు వాలిన కొమ్మల కాయలు మొన్న కోసి చూస్తే మూడింటికి మించి లేవు. ఇది ఈగ వాలిన కాయ.

"ఏటి సూత్తన్నావు?" అంది బంగారమ్మ.

"ఏం లేదు" అన్నాను.

గింజలతో సహా తినేశాను.